పి2138 కోడ్ వస్తే యాక్సిలరేటర్ పెడల్ మార్చాల్సిందేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2017 మోడల్ డీజిల్ బండి, బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ తిరుగుతుంది. నెల రోజులుగా సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఉన్నట్టుండి ఎంత తొక్కినా బండి రేజ్ అవ్వడం లేదు, చెక్ ఇంజన్ లైట్ వెలుగుతోంది, ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తోంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి పి2138 అన్నారు, పెడల్ మొత్తం మార్చాలి, తొమ్మిదిన్నర వేలు, దానికీ తగ్గకపోతే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, చూడాలి అన్నారు. మార్చాలా, ఈలోపు పిల్లల్ని తీసుకుని కర్నూలు వెళ్ళొచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఈ బండిలో కర్నూలు వద్దు. పెడల్‌కి డబ్బు కూడా ఇప్పుడే కట్టొద్దు. ఆ కోడ్ పెడల్ పోయిందని చెప్పడం లేదు. పెడల్ నుంచి వచ్చే రెండు లెక్కలు ఒకదానికొకటి పొసగడం లేదని మాత్రమే చెప్తోంది. ఆ తేడా పెడల్ లోపల పుట్టొచ్చు, కప్లర్‌లో (పెడల్‌కి తీగలు తగిలించే ప్లగ్) పుట్టొచ్చు, ఎలుక కొరికిన తీగలో పుట్టొచ్చు, ఎర్త్‌లో పుట్టొచ్చు. ఎక్కడో తేల్చడానికి ఒక మంచి స్కానర్, ఒక మల్టీమీటర్, గంట ఓపిక చాలు. నేను కె.ఆర్. పురం వైపు ఇరవై రెండేళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను, లెక్క రాసిపెట్టుకోలేదు కానీ ఈ కంప్లైంట్‌తో నా షెడ్డుకి వచ్చే బండ్లలో నిజంగా పెడల్ పోయినవి సగం కూడా ఉండవు.

కర్నూలు ఎందుకు వద్దంటున్నానంటే, సిల్క్ బోర్డు దగ్గర బండి ఆగితే వెనకవాడు హారన్ కొడతాడు, అంతే. దేవనహళ్ళి దాటాక హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేస్తుండగా ఇదే జరిగితే పక్క లేన్‌లో వంద స్పీడు నుంచి ఉత్త ఐడిల్‌కి పడిపోతారు. మూడు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి, పిల్లలతో. బస్సెక్కండి.

ఇక లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మెకానిక్ చెప్పేది సరైనదో కాదో మీకే తెలిసిపోతుంది. పాత మారుతి 800లో పెడల్ వెనక కేబుల్ ఉండేది, తొక్కితే అది వెళ్ళి కార్బురేటర్‌ని లాగేది. ఇప్పుడు మీ పెడల్ ఇంజన్‌లో దేన్నీ లాగదు. పెడల్ పైన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు సెన్సర్లు ఉంటాయి, మీరు ఎంత తొక్కారో వోల్టేజీ రూపంలో ఈసీయూకి చెప్తాయి. ఈసీయూ పెట్రోల్ బండిలో ఇంజన్‌కి గాలి వదిలే త్రాటిల్ మోటర్‌ని తిప్పుతుంది, మీలాంటి డీజిల్ బండిలో ఇంజెక్టర్లు ఎంత డీజిల్ కొట్టాలో చూసుకుంటుంది.

రెండు సెన్సర్లు ఎందుకంటే ఒక్కదాన్నే నమ్మితే ప్రమాదం. ఒకటి తప్పుగా ఫుల్ అని చెప్తే బండి పరిగెత్తుకుంటూ పోతుంది. అందుకని ఇద్దరు సాక్షుల్ని పెట్టారు. చాలా బండ్లలో రెండోది ఎప్పుడూ మొదటిదానిలో సగం చూపిస్తుంది: కాలు తీసినప్పుడు ఒకటి 0.75 వోల్టులు అయితే రెండోది 0.37 దగ్గర, పూర్తిగా తొక్కితే ఒకటి 3.8 అయితే ఇంకోటి 1.9 దగ్గర. కొన్ని కంపెనీలు సగానికి బదులు రెండింటి మధ్య ఒకే తేడా ఉండేలా పెడతాయి, ఒకటి పెరిగితే ఒకటి తగ్గేవీ ఉన్నాయి. ఏ పద్ధతైనా ఇద్దరి మాటా కలవాలి. కలవకపోతే ఈసీయూ ఇద్దర్నీ నమ్మడం మానేసి బండిని లింప్ మోడ్‌లో, అంటే కుంటుతూ మాత్రమే నడిచే రక్షణ స్థితిలో, పడేస్తుంది. మీకు ట్రాఫిక్‌లో జరుగుతున్నది అదే. చిరాకుగా ఉంటుంది కానీ అది మిమ్మల్ని కాపాడటానికి చేస్తున్న పనే.

కోడ్‌ల సంగతి: పి2138 అంటే రెండూ కలవడం లేదు. పి2122, పి2127 అంటే ఒకటో లేదా రెండో సిగ్నల్ ఉండాల్సినదానికంటే కింద, పి2123, పి2128 అంటే పైన. పి2135 వస్తే అది పెడల్ కాదు, త్రాటిల్ బాడీలో ఉన్న సెన్సర్ల జత. ఈ ఒక్క అంకె సరిగ్గా చూడక పెట్రోల్ బండ్లకి పెడల్ మార్చేసినవాళ్ళని చూశాను. ఇంకో రెండు, పి0641, పి0651, సెన్సర్లకి ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల సప్లయ్‌కి సంబంధించినవి. మీ పి2138 పక్కన వీటిలో ఒకటి కూడా దాక్కుని ఉంటే కథ మొత్తం మారిపోతుంది. అందుకే కోడ్‌లు చెరిపేసే ముందు అన్నిటినీ ఫోటో తీసుకోండి. ఒక కోడ్ చదివి టకటకా క్లియర్ కొట్టేసేవాడి దగ్గర ఆధారం సగం పోయినట్టే.

దీనికి నా దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. హొసకోటె వైపు నుంచి ఒక టీచరమ్మ బండి వచ్చింది, అప్పటికే ఒక చోట పెడల్ కొత్తది వేశారు, అయినా రెండు వారాలకి మళ్ళీ అదే. ఆమె చెప్పిన ఒక మాట నాకు పట్టేసింది: "అన్నా, పొద్దున స్కూలుకి పోయేప్పుడు ఏమీ కాదు, మధ్యాహ్నం ఏసీ వేసుకుని వచ్చేప్పుడే అవుతుంది." స్కాన్ చేస్తే పెడల్ కోడ్‌తో పాటు 5 వోల్టుల సప్లయ్ కోడ్ కూడా ఉంది. ఈసీయూ ఒకే 5 వోల్టుల లైన్‌ని నాలుగైదు సెన్సర్లకి పంచుతుంది, ఇంట్లో ఒకే ఫ్యూజ్ మీద రెండు గదులు ఉన్నట్టు. ఆ లైన్‌లో పెడల్ ఒకటో సెన్సర్, ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్ కలిసి ఉన్నాయి. ముందు బంపర్ వెనక ఏసీ సెన్సర్ తీగ ఒక బ్రాకెట్ అంచుకి రాసుకుని రాసుకుని రాగి బయటపడింది, ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తిరిగే అదురుకి అది వెళ్ళి బాడీకి తగిలేది, సప్లయ్ పడిపోయేది, పెడల్ సెన్సర్ పాపం తన తప్పు లేకుండా పట్టుబడేది. కొంచెం టేపు, ఒక స్లీవు, రెండు క్లిప్పులు. ఆమె అప్పటికి కట్టిన పెడల్ డబ్బు ఎలాగూ తిరిగి రాలేదు.

సరే, మీ బండికి ఏం చెయ్యాలి. మీటర్ తీసే ముందు కళ్ళతో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

బండికి పెడల్ బూస్టర్ లాంటిదేమైనా వేయించారా? పికప్ పెరుగుతుందని పెడల్ కప్లర్‌కీ తీగలకీ మధ్య తగిలించే చిన్న డబ్బా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే మీకు తెలియకుండానే ఉండొచ్చు. అది చేసే పనే రెండు సిగ్నళ్ళనూ మార్చి ఈసీయూకి అబద్ధం చెప్పడం. ఉంటే పీకేసి, పాత కప్లర్ నేరుగా పెట్టి వారం నడపండి. నాకు తెలిసి పోయిన ఏడాది మూడు బండ్లకి వైద్యం ఇంతే.

తర్వాత మ్యాట్. ఇప్పుడందరూ వేయిస్తున్న దళసరి 7డీ మ్యాట్‌లు పెడల్ కింద అడ్డం వస్తే పూర్తిగా తొక్కినా నూటికి డెబ్బై దగ్గరే ఆగిపోతుంది. కోడ్ రాదు, కానీ "పికప్ పోయింది" అని వస్తారు. మీది ఆ కేసు కాదు, కోడ్ ఉంది కాబట్టి, అయినా మ్యాట్ పెడల్‌ని పట్టుకునేలా ఉంటే అది ఇంకో రకం ప్రమాదం. 2009-10లో అమెరికాలో టయోటా బండ్లు వాటంతటవే పరిగెత్తాయని పెద్ద గొడవై లక్షల బండ్లు వెనక్కి పిలిచారు గుర్తుందా, అక్కడ కారణాలుగా చెప్పినవి పెడల్‌ని పట్టేసిన మ్యాట్, తొక్కాక సరిగ్గా పైకి రాని పెడల్. ఎలక్ట్రానిక్స్ మీద అనుమానంతో నాసా ఇంజనీర్లు పది నెలలు పరీక్షించారు, త్రాటిల్ దానంతటదే బార్లా తెరుచుకునేలా చేసే ఎలక్ట్రానిక్ లోపం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. సెన్సర్ పోతే బండి దూసుకుపోతుందేమో అని మీరు రాసిన భయానికి కూడా ఇదే నా జవాబు. ఈ లోపంతో బండి ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

బ్యాటరీ కూడా ఒకసారి. రాత్రంతా నిలబెట్టాక 12.4 వోల్టుల కంటే తక్కువ ఉన్నా, ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య లేకపోయినా ముందు దాని సంగతి చూడండి. నీరసపడిన బ్యాటరీ స్టార్ట్ చేసే క్షణంలో నానా రకాల కోడ్‌లు పుట్టిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. కీ ఆన్, ఇంజన్ ఆఫ్. స్కానర్‌లో లైవ్ డేటాకి వెళ్ళి పెడల్ ఒకటి, పెడల్ రెండు వోల్టేజీలు రెండూ ఒకే తెరమీద గ్రాఫ్‌లా పెట్టించండి. శాతాలు వద్దు, వోల్టులు కావాలి, ఎందుకంటే శాతం అనేది ఈసీయూ సర్దుబాటు చేసి చెప్పే మాట. పెడల్‌ని చేత్తో, కాలితో కాదు, కిందికి నెమ్మదిగా నొక్కండి. నెమ్మదిగా అంటే పూర్తిగా దిగడానికి పదిహేను సెకన్లు పట్టాలి. మళ్ళీ అంతే నెమ్మదిగా వదలండి. ఇలా ఐదారు సార్లు. మంచి పెడల్‌లో రెండు గీతలూ మెట్లు లేకుండా నున్నగా ఎక్కి దిగుతాయి.

పోయిన పెడల్ ఎలా ఉంటుందో చూపిస్తాను. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొట్టే క్యాబ్ ఒకటి, రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. ఒకటో సిగ్నల్ ఇలా వచ్చింది: 0.76, 0.82, 0.90, 0.97, 0.31, 1.08, 1.15. రెండోది అదే సమయంలో 0.38, 0.41, 0.45, 0.48, 0.51, 0.54, 0.57 అని బుద్ధిగా నడిచింది. ఆ ఒక్క 0.31 దగ్గరే సాక్షులు విడిపోయారు. వెనక్కి వదిలేటప్పుడు కూడా సరిగ్గా అదే చోట పడింది, ఆరుసార్లు చేస్తే నాలుగుసార్లు. అది పెడల్ లోపలి అరుగుదల, అనుమానం అక్కర్లేదు.

అది ఎక్కడ అరిగిందో గమనించారా, మొదట్లోనే, కొంచెం తొక్కిన చోట. కొన్ని పెడల్స్‌లో లోపల కార్బన్ పూత పట్టీ మీద చిన్న లోహపు వేళ్ళు జారుతుంటాయి, పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాగా. మన ఊరి ట్రాఫిక్‌లో కాలు రోజంతా ఆ అర అంగుళంలోనే ఆడుతుంది, ఫుల్‌గా తొక్కే భాగ్యం ఎప్పుడో ఆదివారం పొద్దున. పట్టీ అక్కడే అరుగుతుంది. మీకు కూడా పాకే ట్రాఫిక్‌లోనే వస్తోందంటున్నారు కాబట్టి ఇది కావడానికి అవకాశం ఉంది, నేను కాదనను. కానీ పట్టీ లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ పెడల్స్ కూడా చాలా బండ్లలో ఉన్నాయి, వాటిలో అరగడానికి ఏమీ లేదు. మీది హాల్ రకమైతే అరుగుదల కథ ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ రకాన్ని ఓమ్స్‌లో పెట్టి కొలిచి "రెసిస్టెన్స్ రావట్లేదు, పెడల్ పోయింది" అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. దానికి ఓమ్స్‌తో కొలిచేదేమీ లేదు, కరెంటు ఇచ్చి వోల్టేజీ చూడాలి.

ఒక హెచ్చరిక. ఐదారు వందలకి దొరికే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఫోన్‌కి పెట్టి ఈ పరీక్ష చేస్తే సెకనుకి ఒకటో రెండో రీడింగులు వస్తాయి, రెప్పపాటులో పడి లేచే 0.31ని అది చూడనే చూడదు. అందులో బాగుందని వచ్చినంతమాత్రాన బాగున్నట్టు కాదు. కోడ్ చదవడానికి డాంగిల్ సరిపోతుంది, గ్రాఫ్‌కి మాత్రం మంచి స్కానర్ కావాలి, లేకపోతే మిన్-మాక్స్ బటన్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగుని పట్టి ఉంచేది) ఉన్న మల్టీమీటర్.

గ్రాఫ్ నున్నగా ఉంటే ఏం చెయ్యాలి? ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి "ఇప్పుడు రావట్లేదు సార్, వచ్చినప్పుడు తీసుకురండి" అంటారు. రానప్పుడు రప్పించాలి. గ్రాఫ్ నడుస్తుండగానే ఒకరు పెడల్‌ని సగంలో కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు పెడల్ కప్లర్‌ని మెల్లగా అటూ ఇటూ ఆడించాలి, తర్వాత డాష్‌బోర్డు కింద తీగల కట్టని, తర్వాత బానెట్ తెరిచి ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) దగ్గర తీగలు బయటికొచ్చే రబ్బరు బుష్ దగ్గర, ఆ తర్వాత ఈసీయూ కప్లర్ దగ్గర. పెడల్ కదలకుండా గీత ఎగిరిందంటే తప్పు అప్పుడు చేతిలో ఉన్న తీగలోనో కప్లర్‌లోనో ఉంది. పెడల్‌ది కాదు.

ఎలుకల గురించి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నిలబెట్టే బండి అంటే నేను ముందు ఎలుకనే అనుమానిస్తాను. బెళ్ళందూరు నుంచి వచ్చిన ఒక బండికి పెడల్ రెండుసార్లు మార్చారు, రెండు పెడల్సూ మంచివే. ఫైర్‌వాల్ దగ్గర కట్ట విప్పితే పాత రిపేరు ఒకటి కనిపించింది. ఎలుక కొరికిన తీగని ఎవరో మెలేసి నల్ల టేపు చుట్టారు, సోల్డర్ లేదు. టేపు విప్పగానే పచ్చటి పొడి రాలింది, వేలికి అంటుకుంది. రాగి మొత్తం చిలుం పట్టి, పది పన్నెండు పోగుల్లో రెండో మూడో మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మీటర్ పెడితే ఆ తీగ కంటిన్యుటీ (తెగిందా లేదా చూసే పరీక్ష) బ్రహ్మాండంగా బీప్ అంటుంది, అందుకే ముందు చూసినవాళ్ళందరికీ తీగ మంచిదే. మీటర్ పంపే కరెంటు అంత చిన్నది, ఒక్క పోగు ఉన్నా దానికి చాలు. నేను చేసేది వేరు: పెడల్ కప్లర్, ఈసీయూ కప్లర్ రెండూ పీకేసి, ఆ ఒంటరి తీగ గుండా ఒక ఇండికేటర్ బల్బుని వెలిగిస్తాను. మంచి తీగైతే బల్బు నిండుగా వెలుగుతుంది, చిలుం పట్టిన తీగైతే దీపం కొండెక్కేటప్పుడు ఉన్నట్టు ఎర్రగా మినుకుమంటుంది.

కానీ, రెండు చివర్లూ పీకకుండా ఈ తీగలకి బల్బు టెస్ట్ ల్యాంప్ పెట్టొద్దు, ఎవర్నీ పెట్టనివ్వొద్దు. ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల లైన్ సెన్సర్లకి సరిపోయేంతే ఇస్తుంది, బల్బు లాగే కరెంటుకి అది కాలిపోవచ్చు. హెడ్‌లైట్ చూసినట్టు దీన్ని చూస్తే మీరు వెళ్ళింది తొమ్మిదిన్నర వేల పెడల్ కోసం, తిరిగొచ్చేది ఈసీయూ బిల్లుతో. తీగ పైపొరకి పిన్ను గుచ్చి చూసేవాళ్ళని కూడా ఆపండి, ఆ కన్నంలోంచి వానాకాలం తేమ పోయి మళ్ళీ అదే పచ్చ పొడి. కప్లర్ వెనక నుంచి, తీగ పక్కగా, సన్నటి పిన్ను దూర్చి కొలవాలి.

మీటర్‌తో కొలవాల్సినవి మూడే రకాలు. చాలా బండ్ల పెడల్‌కి ఆరు తీగలు ఉంటాయి, ఒక్కో సెన్సర్‌కి సప్లయ్, ఎర్త్, సిగ్నల్. ఏ తీగ ఏదో మీ బండి డయాగ్రమ్ చూసే తేల్చండి, వీడియోలో వేరే బండికి చెప్పిన రంగులు మీ బండికి పనికిరావు. కప్లర్ పెట్టి ఉంచే, కీ ఆన్‌లో, రెండు సప్లయ్‌లూ 5 వోల్టుల దగ్గర ఉండాలి, ఇటో అటో 0.1 వరకు ఫరవాలేదు. రెండు ఎర్త్‌లూ బ్యాటరీ మైనస్ నుంచి కొలిస్తే 0.05 వోల్టుల లోపే ఉండాలి. ఇది చాలామంది వదిలేసే కొలత. ఎర్త్‌లో 0.2 కనిపించిందంటే ఆ సెన్సర్ నేలే పైకి లేచింది, దాని మాట మొత్తం తప్పుతుంది, రెండోదానితో కలవదు, ఈసీయూ పి2138 అంటుంది.

కార్బన్ పట్టీ రకానికి ఒక చిట్కా పనికొస్తుంది. రెండు సిగ్నళ్ళ మధ్య ఉండాల్సిన పొంతనలో తేడా కాలు తీసేసినప్పుడు ఎక్కువగా ఉండి, ఫుల్‌గా తొక్కితే సర్దుకుంటే ఎర్త్ వైపు చూడండి. కాలు తీసినప్పుడు బాగుండి, ఫుల్ వైపు పోయేకొద్దీ తేడా పెరిగితే సప్లయ్ వైపు. మధ్యలో ఒక్క చోట మాత్రమే గొంతు తడబడితే పట్టీ అరిగింది. దీంతో ముక్కాలు భాగం కేసులు తేలిపోతాయి.

నీళ్ళ సంగతి కూడా. రోడ్డు పక్క చెట్టు కింద నిలబెడతారా? ముందు అద్దం కింద జల్లెడలాంటి భాగంలో ఆకులు, పూలు పేరుకుని నీళ్ళు పోయే రంధ్రం మూసుకుపోతే వాన నీళ్ళు తీగల కట్ట వెంబడి లోపలికి దిగుతాయి, నేరుగా పెడల్ పైకి. కప్లర్ పీకి లోపలి పిన్నులు చూడండి, మెరుస్తూ ఉండాలి. మసకగా, పచ్చగా ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి మళ్ళీ పెట్టండి. పెడల్ మార్చినప్పుడు కొన్ని బండ్లు బాగైపోవడానికి అసలు కారణం కొత్త పెడల్ కాదు, కప్లర్ పీకి పెట్టడంతో చిలుం గీసుకుపోవడం. మూడు నెలలకి మళ్ళీ వస్తుంది, అప్పుడు ఈసీయూ అంటారు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి, దాచుకోవడం ఎందుకు. ఆరేడేళ్ళ కింద ఒక పెట్రోల్ బండి, స్పీడ్ బ్రేకర్ దాటాక పికప్ రాదు, ఒక్క క్షణం చచ్చినట్టై మళ్ళీ లేస్తుంది. పెడల్ సిగ్నల్‌లో కొంచెం గరుకు కనిపించింది, అదే అనుకుని జె.సి. రోడ్ నుంచి కొత్త పెడల్ తెప్పించి వేశాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు. లైవ్ డేటాలో పెడల్ పక్కనే బ్రేక్ స్విచ్ వరస కూడా పెట్టి, బండిని గుంతల రోడ్డు మీద తిప్పితే అప్పుడు కనిపించింది, కాలు బ్రేక్ మీద లేకపోయినా బ్రేక్ ఆన్, ఆఫ్, ఆన్ అని కొట్టుకుంటోంది. రెండు పెడల్సూ ఒకేసారి తొక్కితే ఈసీయూ బ్రేక్ మాటే వింటుంది, రేజింగ్ కోసేస్తుంది. స్విచ్ సడలిపోయి ఉంది, అంతే. స్విచ్ చాలా చవక. పెడల్ డబ్బు నేను తిరిగిచ్చేశాను, ఆ పెడల్ ఇప్పటికీ షెల్ఫ్‌లో ఉంది, కొత్త కుర్రాళ్ళకి చూపించడానికి. మీరు కూడా గ్రాఫ్ చూసేటప్పుడు బ్రేక్ స్విచ్ వరస పెట్టించండి, రాత్రిపూట వెనక గోడ మీద బ్రేక్ లైట్ వెలుతురు ఊరికే మినుకుతోందేమో కూడా చూడండి.

ఈసీయూ గురించి: ఇరవై రెండేళ్ళలో పెడల్ కోడ్‌కి నిజంగా ఈసీయూ కారణమైనవి నా ఒక చేతి వేళ్ళకి మించవు, అందులో రెండు నీళ్ళలో మునిగినవి. ఈసీయూ పోయింది అనేముందు ఒక్క ప్రశ్న అడగండి: పెడల్ కప్లర్ దగ్గర కొలిచిన సిగ్నల్, ఈసీయూ కప్లర్ దగ్గర కొలిచిన సిగ్నల్, స్కానర్‌లో కనిపించే సిగ్నల్, మూడూ ఎంతెంత? మొదటి రెండూ తేడా ఉంటే తీగ. రెండూ ఒకటై స్కానర్‌లో తేడా ఉంటే అప్పుడు ఈసీయూని అనుమానించొచ్చు. నోటికి సమాధానం చెప్పలేనివాడు కొలవలేదన్నమాట.

చివరికి పెడలే అని తేలితే మార్చండి, అందులో మొహమాటం వద్దు, ఇది తెరిచి రిపేరు చేసే వస్తువు కాదు. కార్బన్ పట్టీ మీద పెన్సిల్ రుద్ది ఇచ్చేవాళ్ళు ఉన్నారు, వాల్యూమ్ నాబ్‌కైతే నేనూ రుద్దుతాను, దీనికి మాత్రం రుద్దను. శివాజీనగర్ గుజిరీలో సెకండ్ హ్యాండ్ దొరకొచ్చు, కానీ అది కూడా అదే ట్రాఫిక్‌లో అదే చోట అరిగి ఉంటుంది కదా, వెయ్యి రూపాయలు మిగిలాయని సంబరపడే ముందు గ్రాఫ్ చూడండి. పార్ట్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా కలవాలి, ఒకే మోడల్‌లో పెట్రోల్‌కి, డీజిల్‌కి, ఆటోమేటిక్‌కి వేరువేరుగా ఉండొచ్చు. కొన్ని బండ్లకి వేశాక స్కానర్‌తో కొత్త పెడల్ సున్నా ఎక్కడో నేర్పించాలి, ఆ పని బిల్లులో ఉందో లేదో ముందే అడగండి.

ఈలోపు ఆఫీసుకి ఇదే బండి తప్పదంటే రెండు మాటలు. లింప్‌లో పడితే హజార్డ్ వేసి ఎడమకి తీయండి, పెడల్‌ని దబదబా తొక్కకండి, ఆఫ్ చేసి అర నిమిషం ఆగి స్టార్ట్ చేయండి. ఎప్పుడైనా దానికి ఉల్టాగా, కాలు తీసినా ఇంజన్ అరుస్తూ ఉంటే బ్రేక్‌ని ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి, వదిలి వదిలి తొక్కితే బ్రేక్ బూస్టర్‌లో వాక్యూమ్ తగ్గిపోయి బ్రేక్ పెడల్ రాయిలా తయారవ్వచ్చు. గేరు న్యూట్రల్‌కి తెచ్చి, పక్కన ఆగాకే ఇంజన్ ఆపండి, నడుస్తుండగా కీ బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది.

మీరు గ్రాఫ్ తీయించాక నాకు ఈ అంకెలు రాయండి: కాలు తీసినప్పుడు రెండు సిగ్నళ్ళు, ఫుల్‌గా తొక్కినప్పుడు రెండు సిగ్నళ్ళు, రెండు సప్లయ్‌లు, రెండు ఎర్త్‌లు, ఇంకా ముందు తీసుకున్న కోడ్‌ల ఫోటో. బండి మోడల్, పెడల్ మీద ఉన్న పార్ట్ నంబర్ కూడా పెడితే అది పట్టీ రకమో హాల్ రకమో చూసి చెప్తాను. సర్వీస్ సెంటర్‌వాళ్ళు గ్రాఫ్ తీయం అంటే గొడవ పడకండి, ఎస్టిమేట్ కాగితం మాత్రం తీసుకుని బయటికొచ్చేయండి.